పచ్చదడి: చిన్న పెరటికి చాటునిచ్చే మొక్కలు

ఇంటి ఆవరణలోకి బయటివారి చూపు పడకుండా ప్రహరీకి బదులుగానో, ప్రహరీకి తోడుగానో పెంచే మొక్కల వరుసే పచ్చదడి. చేను చుట్టూ వేసే కంచె పశువును ఆపుతుంది, పెరటి దడి చూపును ఆపుతుంది. అందుకే ఒకదానికి పనికొచ్చిన మొక్క రెండోదానికి అన్నివేళలా పనికిరాదు. కంచెకు ముల్లు కావాలి. దడికి నేల దగ్గర నుంచి కొస దాకా ఆకు కావాలి, ఆ ఆకు ఏడాది పొడవునా రాలకుండా ఉండాలి.

తెలుగు పల్లెల్లో ఈ పని చాలాకాలం తాటాకు దడి, వెదురు తడిక చేశాయి. స్నానాల చోటు, అంట్లు తోమే చోటు, బట్టలారేసే దండెం అన్నీ పెరట్లోనే కాబట్టి చాటు అవసరం ఎప్పుడూ ఉండేది. తాటాకు వానకు నాని, చెదపట్టి, తరచూ కొత్తగా కట్టాల్సి వచ్చేది. దడి పొడవునా పాతిన మునగ, అవిసె కర్రలు కొన్ని చిగురు తొడిగేవి, వాటి మీదికి దొండో చిక్కుడో పాకేది. కట్టిన దడి కొంత, పెరిగిన దడి కొంత కలిసి ఆ ఇంటికి మరుగయ్యేది.

ఇప్పటి సమస్య వేరు. నూట యాభై, రెండు వందల గజాల స్థలంలో ఇల్లు పోను వెనక మిగిలేది ఒక గది వెడల్పు నేల. ఐదారు అడుగుల ప్రహరీ వీధిలో నడిచేవారి చూపును ఆపుతుంది కానీ, పక్కింటి మేడ మీది కిటికీని ఆపలేదు. నర్సరీకి వెళ్ళేవారిలో ఎక్కువమంది అడిగేది ఒకటే: ఏది తొందరగా పెరుగుతుంది? ఆ ప్రశ్నకు జవాబు సులభం. చిక్కంతా తొందరగా పెరిగిన మొక్క అనుకున్న ఎత్తుకు రాగానే ఆగిపోకపోవడంలో ఉంది. ఏడాదికి ఆరడుగులు పెరిగేది రెండో ఏడూ ఆరడుగులు పెరుగుతుంది. పెద్ద తోటలో అది శోభ. మీటరున్నర సందులో మాత్రం నెలనెలా కత్తెర పట్టాల్సిన పని.

ఎంత ఎత్తు కావాలి

మొక్కను ఎంచుకునే ముందు చూపు ఎక్కడి నుంచి ఎక్కడికి పడుతోందో చూడాలి. ఒక లెక్క తీసుకుందాం. పెరట్లో అరుగు మీద కూర్చున్న మనిషి తల నేలకు నాలుగు అడుగుల ఎత్తున ఉంటుంది. పక్కింటి మొదటి అంతస్తులో నిలబడ్డవారి కళ్ళు సుమారు పదిహేను అడుగుల ఎత్తున ఉంటాయి. ఇద్దరి మధ్య దూరం ఇరవై అడుగులు, అందులో ప్రహరీ అరుగుకు పద్నాలుగు అడుగుల దూరంలో ఉందనుకుందాం. ప్రహరీ వెంట దడి పెంచితే ఆ చూపును ఆపడానికి దాదాపు పన్నెండు అడుగుల ఎత్తు కావాలి. అదే దడిని అరుగుకు నాలుగు అడుగుల దూరంలో పెడితే ఆరుంపావు అడుగులు చాలు. అంటే ప్రహరీ వెంట మూడేళ్ళు పెంచాల్సిన దడి పనిని, అరుగు పక్కన ఒక్క వానాకాలంలో ఎదిగే తీగ చేసేస్తుంది.

పై నుంచి పడే చూపుకు అడ్డం కన్నా కప్పు మేలు. మన పెరళ్ళలో పందిరి ఉన్నది ప్రధానంగా నీడ కోసం, కాయల కోసమే అయినా, మేడల మధ్య ఇరుక్కున్న పెరటికి దానికి మించిన చాటు లేదు. ఎనిమిది అడుగుల ఎత్తున నాలుగు ఇనుప స్తంభాలు, వాటి మీద జీఐ తీగల అల్లిక ఉంటే దాని కిందకు ఏ అంతస్తు నుంచీ చూపు దిగదు. నేల మీద పట్టే చోటు నాలుగు గుంతలే. పక్కల నుంచి పడే చూపుకు దడి, పై నుంచి పడే చూపుకు పందిరి అని విడదీసుకుంటే పొడవాటి చెట్ల అవసరం చాలా ఇళ్ళకు ఉండదు.

పక్కింటి కిటికీ, చట్టం

కిటికీ పెట్టుకున్నవారినే ఆపవచ్చా అన్న తగాదా కొత్తది కాదు. 1882 నాటి భారత అనుభోగ హక్కుల చట్టం 18వ సెక్షన్ ఆచారం వల్ల ఏర్పడే హక్కులను చెబుతూ, ఉదాహరణగా సరిగ్గా ఈ సంగతినే తీసుకుంది: ఊరి ఆచారం ఉన్నచోట, పొరుగువారి ఇంట్లో మామూలుగా బయటి కంటికి కనబడని భాగం కనబడేలా కొత్త కిటికీ తెరవకూడదు. 1888లో గోకుల్ ప్రసాద్, రాధో కేసులో అలహాబాద్ హైకోర్టు ఆ ఆచారానికి గుర్తింపునిచ్చింది. గుజరాత్ ప్రాంతంలోనూ ఇలాంటి ఆచారాన్ని కోర్టులు ఒప్పుకున్నాయి. మద్రాసు హైకోర్టు మాత్రం ఆ దారిలో నడవలేదు. చూపు పడటం ఇష్టం లేనివారు తమ స్థలంలో తామే అడ్డం పెట్టుకోవాలన్నది దక్షిణాదిలో నిలిచిన ధోరణి. ఆంధ్ర ప్రాంతం అప్పట్లో మద్రాసు కిందిదే. చట్టం అడ్డం పెట్టుకోమంది కాబట్టి పెట్టుకునే అడ్డం ఎండకు కాలని, కంటికి చల్లగా ఉండే అడ్డం అయితే నష్టమేముంది?

పొరుగువారికీ ఒక హక్కుంది. దడి కొమ్మ సరిహద్దు దాటి వారి వైపు వాలితే, వాలినంత మేరకు తమ స్థలంలో నిలబడి కత్తిరించుకోవచ్చు. ముందే ఒకమాట చెప్పి, ప్రహరీకి రెండడుగులు వదిలి నాటితే ఆ అవసరం రాదు.

తీగలు

చిన్న పెరటికి మొదటి ఎంపిక తీగే. దానికి లావు లేదు, అల్లిక ఎంత ఉంటే అంతవరకే పాకుతుంది. కూరగాయ తీగలు అన్నిటికన్నా వేగం. బీర, కాకర విత్తిన రెండు నెలల్లో అల్లికను కప్పేస్తాయి. వానలతో పెట్టిన పందిరి చిక్కుడు శీతాకాలమంతా నిండుగా ఉండి, సంక్రాంతి నాటికి కాయలతో బరువెక్కుతుంది. పేనుబంక పట్టకుండా చూసుకోవాలి. ఇవన్నీ ఒక కాలం పంట, ఎండలు ముదిరేసరికి అల్లిక ఖాళీ. దొండ కాడముక్క నాటితే ఏళ్ళ తరబడి ఉంటుంది, బచ్చలి కూడా నీరుంటే ఎండాకాలం గడుపుతుంది. ఎండ తక్కువగా పడే తడి మూలకు తమలపాకు తీగ సరిగ్గా సరిపోతుంది. తోటల్లో దాన్ని అవిసె చెట్ల నీడనే పాకిస్తారు.

పూలతీగల్లో వేగానికీ నిండుదనానికీ రాధామనోహరం ముందు నిలుస్తుంది. సాయంత్రం తెల్లగా విచ్చిన పువ్వు మర్నాటికి గులాబీ రంగుకు, తరువాత ఎరుపుకు తిరుగుతుంది, ఒకే గుత్తిలో మూడు రంగులూ కనబడతాయి. తెల్లగా ఉన్న రాత్రి పూట పెద్ద చిమ్మట పురుగులు దాని పొడవాటి గొట్టంలోంచి తేనె తాగుతాయి. కాడ ముదిరి చెట్టు కొమ్మంత లావవుతుంది కాబట్టి వెదురు పందిరి దీన్ని మోయలేదు, ఇనుప అల్లిక కావాలి. సన్నజాజి, విరజాజి దీనికన్నా నెమ్మది, పలుచన, అయినా వాసన కోసం వాటిని వదులుకునేవారు తక్కువ. బోగన్‌విల్లాను మనవాళ్ళు కాగితం పూలంటారు. రంగు పువ్వుది కాదు, పువ్వును చుట్టిన ఆకులది. దానికి రోజంతా ఎండ, తక్కువ నీరు కావాలి. నీడలో పెంచితే ముళ్ళూ ఆకులే తప్ప రంగు రాదు. పిల్లలు తిరిగే సందులో దాని ముళ్ళు ఇబ్బంది.

కొన్నేళ్ళుగా నగరాల్లో కర్టెన్ క్రీపర్ అనే తీగ ఎక్కువగా కనబడుతోంది. మయన్మార్, థాయిలాండ్ వైపు నుంచి వచ్చిన ఈ మొక్క పైకి పాకడం కన్నా కిందకు వేలాడటానికే ఇష్టపడుతుంది. మేడ మీది పిట్టగోడ పక్కన కుండీలో పెడితే అక్కడి నుంచి పరదాలా దిగి కింది అంతస్తు వరండాను కప్పుతుంది. పెరట్లో జానెడు నేల కూడా లేనివారికి ఇది నిజంగా ఉపకారం. ఎండిన పాత కాడలను ఏటా తీసేయకపోతే పరదా లోపలి వైపు గోధుమ రంగు చెత్త పేరుకుపోతుంది.

పొదలు

తీగ పందిరికి, పొద పక్కలకు. ఇక్కడ గోరింటకు సాటి వచ్చేది అరుదు. కాడముక్కతో వస్తుంది, వేళ్ళూనాక నీళ్ళు లేకున్నా బతుకుతుంది, ఎంత కత్తిరిస్తే అంత గుబురవుతుంది. అడుగు ఎడంతో నాటితే రెండేళ్ళలో మనిషెత్తు దడి. ముదిరిన రెమ్మలకు ముళ్ళుంటాయి కాబట్టి పిల్లీ కుక్కా దూరవు. ఆషాఢంలో, అట్లతద్దికి ఇంటి ఆడపిల్లలూ ఇరుగుపొరుగులూ ఆకు కోసం కొమ్మలు దూస్తారు. దడికి అవసరమైన కత్తిరింపు కూలి లేకుండా అయిపోతుంది.

మందార గోరింట కన్నా తొందరగా నిండుతుంది, నీడను కొంత ఓర్చుకుంటుంది, పూజకు పువ్వు ఇస్తుంది. దానికి తెగులు ఒకటే, పిండినల్లి. లేత కొసలు ముడుచుకుని తెల్లటి దూది అంటినట్టు కనబడగానే ఆ కొసలు తుంచి పారేయాలి. ఒకే రకం మందారతో వరుసంతా నాటితే ఒక మొక్కకు పట్టింది నెలలో అన్నిటికీ పడుతుంది. మధ్య మధ్య వేరే పొద కలపడం మంచిది. మేకలు, పశువులు తిరిగే ఊళ్ళలో వావిలి, అడ్డసరం మేలు, వాటి ఆకు మేకకు కూడా రుచించదు.

ముల్లూ పండూ రెండూ కావాలనుకునేవారికి వాక్కాయ ఉంది. ఉప్పు పన్ను ఎగవేతను ఆపడానికి బ్రిటిష్ ప్రభుత్వం ఉత్తర, మధ్య భారతం మీదుగా పెంచి 1879లో వదిలేసిన మహాకంచెలో రేగు, తుమ్మ, నాగజెముడుతో పాటు వాక్కాయ కూడా ఉండేది. పెరుగుదల నెమ్మది. మూడు నాలుగేళ్ళు ఆగగలిగితే వానాకాలంలో పప్పులోకి, పచ్చడిలోకి కాయలొస్తాయి.

నాగగొలుగు ముదురాకుపచ్చగా, తెల్లపూల వాసనతో, అర నీడలోనూ పెరిగే అందమైన దడి. ఒక్క జాగ్రత్త చాలు. నిమ్మ, బత్తాయి చెట్లకు పచ్చతెగులు మోసే సిల్లా పురుగు దీని లేత చిగుళ్ళ మీద కూడా పెరుగుతుంది. పెరట్లో నిమ్మచెట్టు ఉన్నా, పక్కన బత్తాయి తోట ఉన్నా దీని జోలికి పోకూడదు. గన్నేరు ఎండకూ ఉప్పుగాలికీ తట్టుకుంటుంది, అందుకే రహదారుల మధ్య విరివిగా వేస్తారు. అయితే దానిలో ప్రతి భాగమూ విషం. పచ్చగన్నేరు గింజ మరీ ప్రాణాంతకం. దురంత పొద పసుపు కాయలూ పిల్లలు నోట్లో పెట్టుకోదగ్గవి కావు. పసిపిల్లలున్న ఇంట్లో ఈ మూడూ వద్దనుకోవడమే నా సలహా, నర్సరీవారు ఎంత సర్దిచెప్పినా సరే.

చెట్లు, వెదురు

కొందరికి నిజంగానే ఎత్తు కావాలి. అప్పుడు చెట్టును దడిగా కత్తిరించి ఉంచడం ఒక పద్ధతి. కోస్తా ఇసుక నేలల్లో సరుగుడు ఇందుకు అలవాటైన మొక్క. గాలిలోని నత్రజనిని వేళ్ళ బుడిపెల్లో పట్టుకుంటుంది కనుక బలం లేని నేలలోనూ వేగంగా లేస్తుంది. పచ్చదనం ఉన్నంత మేరకే కత్తిరించాలి, ముదిరిన కాడ దాకా నరికితే సరిగా చిగురించదు. మునగ, అవిసె తొలి ఏడాదే ఇంటి కప్పును అందుకుంటాయి. ఆకు పలుచన, కొమ్మ పెళుసు, మునగ మానుకు వానాకాలంలో గొంగళి పురుగులు గుంపులుగా పట్టి ఇంటి గోడల దాకా పాకుతాయి. కూరకు ఒక మునగ ఉండాలి కానీ దడి మొత్తం మునగ అయితే చీపురు పట్టుకునే తిరగాలి. అరటి గుబురు ఏడాదిలో పెద్ద ఆకుల తెర కడుతుంది, వాడిన స్నానపు నీరంతా తాగేస్తుంది, గాలి తగిలే చోట ఆకు చీలికలైపోతుంది.

కాలనీల్లో ప్రహరీ వెంట సన్నగా, నిటారుగా నిలబెట్టే 'అశోక' చెట్టు అసలు అశోకం కాదు, నరమామిడి. కొమ్మలు మానుకు అంటుకుని కిందకు వాలడం వల్ల మూడు నాలుగు అడుగుల వెడల్పులో ఇమిడిపోతుంది. నీడ పడితే కింది కొమ్మలు ఎండి, సరిగ్గా కంటి ఎత్తులో ఖాళీలు ఏర్పడతాయి. ముప్పై అడుగులు దాటాక ఇంటి పక్కన అంత ఎత్తు మాను ఉండటం తీరప్రాంతాల్లో ఆలోచించాల్సిన సంగతి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్నంలో ఎన్ని చెట్లను కూల్చిందో చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. పదడుగుల దగ్గర కొస నరికితే ఆ నిటారు తీరు పోయి గుబురవుతుంది. దడికి అదే నయం.

వెదురు మీద భయాలు కొన్ని పొరపాటువి. నేల కింద దుంప ఎటుపడితే అటు పరిగెత్తి పక్కింట్లో మొలిచేది ఒక రకం, ఉన్నచోటే గుంపు కట్టేది మరో రకం. మన అడవుల్లోని సాధనపు వెదురు, ముళ్ళ వెదురు, నర్సరీల్లో దొరికే పసుపు చారల వెదురు, పొట్టి దడి వెదురు గుంపు కట్టేవే. వెదురు పిలక ఒక్క వానాకాలంలోనే పూర్తి ఎత్తుకు లేస్తుంది. ఆ తరువాత దాని ఎత్తూ లావూ పెరగవు. కాబట్టి పిలకలు లేచే కాలంలో ఎక్కువైనవాటిని చేత్తో విరిచేస్తే గుంపు హద్దులో ఉంటుంది. చిన్న పెరటికి దడి వెదురు ఒక్కటే తగినది. ముళ్ళ వెదురు ఊరి కంచెకు వదిలేయాలి. రాలే ఆకు మాత్రం ఏడాదంతా ఊడ్చుకోవలసిందే.

కోనోకార్పస్ కథ

తొందరగా పెరిగే పచ్చదడి అనగానే గత దశాబ్దంలో అందరికీ దొరికిన జవాబు కోనోకార్పస్. ఇందులో ఒక జాతి అమెరికా ఉష్ణతీరాల మడ అడవులది, ఇంకొకటి సోమాలియా, యెమెన్ ప్రాంతాలది. ఎండకూ ఉప్పునీటికీ చలించని గుణం చూసి గల్ఫ్ దేశాలు రోడ్ల వెంట విరివిగా నాటాయి. అక్కడ పనిచేసి వచ్చిన మనవాళ్ళకు ఆ పచ్చని గోడలు పరిచితమే. తెలుగు రాష్ట్రాల్లోనూ రోడ్ల మధ్య, లేఅవుట్ల చుట్టూ, పాఠశాలల ఆవరణల్లో వరుసలు వెలిశాయి. చౌక, కత్తెర పడితే గోడలా సాపవుతుంది. చిన్న ఇంటివాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి?

చిక్కు వేళ్ళతో వచ్చింది. నీటి జాడ పట్టి పైపుల అతుకుల్లోకి, డ్రైనేజీలోకి దూరుతాయన్న ఫిర్యాదులు కువైట్ లాంటి దేశాల నుంచి ముందే ఉన్నాయి. సంపు, సెప్టిక్ ట్యాంకు, బోరు అన్నీ పదడుగుల లోపే ఉండే పెరట్లో ఈ గుణం కంచే చేను మేసిన చందం. పుప్పొడి వల్ల జలుబు, ఆయాసం పెరుగుతాయన్న ఆందోళన మరొకటి. ఆ విషయంలో శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు, నిందలు ఎక్కువ, రుజువులు తక్కువ అనేవారూ ఉన్నారు. ఏదైతేనేం, తెలంగాణ 2022లో దీని పెంపకాన్ని ఆపమంది, గుజరాత్ 2023లో నిషేధించింది, తమిళనాడు 2025లో అదే బాట పట్టింది. నా లెక్కలో పుప్పొడి వాదన పక్కన పెట్టినా, వేళ్ళ సంగతి ఒక్కటే చిన్న పెరటికి దీన్ని కాదనడానికి చాలు. నర్సరీల్లో ఫైకస్ పేరుతో అమ్మే సన్నాకు మర్రి జాతికీ ఇదే మాట వర్తిస్తుంది.

ఇలాంటి ముచ్చట మనకు మొదటిది కాదు. అందానికీ కంచెకూ అని పందొమ్మిదో శతాబ్దం తొలినాళ్ళలో తెచ్చిన లాంటానా ఇప్పుడు అడవుల్ని కమ్మేసింది. కట్టెకూ కంచెకూ పనికొస్తుందని 1870ల చివర్లో కడప జిల్లా కమలాపురంలో నాటిన సర్కారు తుమ్మ, చెరువు గట్లనూ బీళ్ళనూ ఆక్రమించింది. రెంటినీ తెచ్చినవారు మెచ్చుకున్నది వాటి వేగాన్నే.

నాటడం, కత్తిరించడం

తొలకరి పడ్డాక, జూన్ చివర నుంచి ఆగస్టు లోపు నాటిన మొక్క వచ్చే ఎండాకాలానికి వేళ్ళు దింపుకుంటుంది. విడి గుంతల కన్నా వరుస పొడవునా అడుగున్నర లోతు కాలువ తీసి, మాగిన పశువుల ఎరువు, కాస్త వేపపిండి కలిపి పూడ్చడం మంచిది. కట్టడం పనిలో పడిన సిమెంటు, ఇటుక ముక్కలు ప్రహరీ పక్క నేలలో చాలా ఉంటాయి, వాటిని ఏరకుండా నాటితే ఏ మొక్కా ఎదగదు. తెలుగు రాష్ట్రాల మొక్కల్లో పెద్ద వాటా రాజమహేంద్రవరం దగ్గరి కడియం నర్సరీలదే. అక్కడా ఇక్కడా ఎనిమిదడుగుల మొక్కలు ఊరిస్తుంటాయి. చిన్న కవరులో ఎక్కువకాలం ఉన్న మొక్క వేళ్ళు చుట్టలు చుట్టుకుపోయి నేలలో దిగవు. రెండడుగుల పిల్లమొక్క రెండేళ్ళలో దాన్ని అందుకుంటుంది, ధరా తక్కువ.

అందరూ చేసే పని, మొక్కను అనుకున్న ఎత్తు దాకా లేవనిచ్చి అప్పుడు కొస నరకడం. అప్పటికి కింద మోడు, పైన గొడుగు తయారవుతాయి, చూపు ఆ మోళ్ళ మధ్య నుంచి సూటిగా లోపలికి పోతుంది. మొక్క అడుగున్నర ఉన్నప్పుడే కొస తుంచాలి. పక్క కొమ్మలు రాగానే వాటి కొసలూ తుంచాలి. ఇలా జానెడు జానెడుగా పైకి తెచ్చిన దడి కింద నుంచే గుబురుగా ఉంటుంది. కత్తిరించేటప్పుడు అడుగు వెడల్పుగా, పై భాగం సన్నగా ఉంచితే కింది ఆకుకూ ఎండ తగులుతుంది. దడి కింద ఆకు చెత్త పేరుకోనివ్వకపోతే పాముల భయం కూడా చాలావరకు తీరుతుంది.

వెంటనే చాటు కావాలి, రేపటికి బరువు కాకూడదు అనేవారికి కుదిరే పద్ధతి రెండు వరుసలది. లోపలి వైపు అల్లిక కట్టి ఈ వానాకాలానికే బీర, చిక్కుడు పాకించాలి. దాని వెనక గోరింటో వాక్కాయో నాటి వదిలేయాలి. మూడో ఏటికి పొద అల్లికను దాటుతుంది, అప్పుడు అల్లికను తీసి పందిరికి వాడుకోవచ్చు.

పరాయి దేశాల్లో

అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ సమస్య చెక్క ఫెన్సు రూపంలో ఎదురవుతుంది. ఏడాదంతా పచ్చగా ఉండే థూజా, లేలాండ్ సైప్రస్ అక్కడ వాడుక. 'గ్రీన్ జెయింట్' థూజా ఏడాదికి మూడడుగుల దాకా పెరిగి నలభై అడుగులు దాటుతుంది. 'ఎమరాల్డ్ గ్రీన్' పదిహేను అడుగుల లోపే నిలుస్తుంది కానీ చలికాలంలో జింకలు దాన్ని కింద నుంచి కొరికేస్తాయి. అక్కడి వెదురు తగాదాలకు కారణం పరిగెత్తే రకమే. కనెక్టికట్ రాష్ట్రం 2013లో చట్టం చేసి, పొరుగు స్థలంలోకి పాకిన వెదురు నష్టాన్ని నాటినవారి మీదే వేసింది. బ్రిటన్‌లో లేలాండ్ సైప్రస్ దడుల గొడవలు ముదిరి 2003 నాటి చట్టంలో వాటికి ప్రత్యేక భాగం పెట్టారు. రెండు మీటర్లు దాటిన దడి వెలుతురుకు అడ్డమైతే ఇంగ్లండ్, వేల్స్‌లో పొరుగువారు స్థానిక కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయవచ్చు.

తీసేయవలసి వస్తే

ఇల్లు మరో అంతస్తు లేచినా, పక్కన మేడ వచ్చినా పాత దడి లెక్క మారుతుంది. తీగనూ గోరింటనూ ఒక పూటలో తీసేయవచ్చు. వెదురుకు దుంపంతా తవ్వాలి. కోనోకార్పస్ మొద్దు నరికినా చిగురిస్తుంది, వేరుతో సహా పెకలించాలి, అప్పటికి ప్రహరీ పునాది ఆ వేళ్ళతో పెనవేసుకుని ఉంటే గోడ కూడా కదులుతుంది. చెట్టుగా ఎదిగినదాన్ని నరకాలంటే తెలుగు రాష్ట్రాల్లో సొంత స్థలమైనా 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం కింద చాలావరకు అనుమతి తీసుకోవలసి ఉంటుంది. ఆ చట్టాన్నే వాడుకలో వాల్టా అంటారు.